అవసరం లేదన్న మేడమ్

గురువారం పొద్దున నేను పెరంబూరులో ఒక ఇంటి గడప ముందు నిలబడి ఉండగా, నాతో కాలేజీలో చదివిన వసంత ఫోన్ చేసింది. "మేడమ్ పోయినారే" అంది. "ఏడికి?" అన్నాను.

అలా ఎందుకన్నానో మీకు చెప్పాలి. మాది తెనాలి వైపు. మా వైపు బతికున్న మనిషిని "పోయారు" అనరు, "వెళ్లారు" అంటారు. మద్రాసులో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్లు మాత్రం మార్కెట్టుకీ పోతారు, గుడికీ పోతారు, పెళ్లికీ పోతారు. నేను కాలేజీలో చేరిన కొత్తలో మేడమ్ క్లాసులోకి వచ్చి "ప్రిన్సిపాల్ పోయినారు, మధ్యాహ్నం వస్తారు" అంటే నేను గుండె పట్టుకున్నాను. క్లాసంతా నవ్వింది. సంగతి తెలిశాక ఆవిడ ఇంకా ఎక్కువ నవ్వింది. ఆవిడ దగ్గర ఉండగా ఉండగా నాకూ ఆ పోవడాలు, మాట నొక్కి చెప్పడానికి చివర తగిలించే అరవం 'దా'లూ అలవాటయ్యాయి. అందుకే వసంత మాట వినగానే, శనివారం మీటింగు పెట్టుకుని ఈవిడ ఇప్పుడెక్కడికి పోయింది అని ముందు నాకు కోపం వచ్చింది. వసంత ఏడుస్తోందని ఆ తర్వాత అర్థమైంది.

నమ్మలేదండీ. ఇది రాస్తున్నప్పుడు కూడా పూర్తిగా నమ్మడం లేదు. ముందురోజు సాయంత్రం ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్ నా ఫోన్లో ఉంది. "శనివారం మర్చిపోవద్దు. ఆ నలిగిన కుర్తా ఏసుకోని రావద్దు తల్లీ. పెద్దోళ్లు వస్తారు. ఉద్యోగం ఉండే పిల్ల మాదిరి కనబడాల, తెలిసిందా?" వెనకాల కుక్కర్ కూత కూడా వినబడుతోంది. కుక్కర్ కూత వేయించుకున్న మనిషి మర్నాటికి లేకపోవడమేమిటి? జబ్బు లేదు, మందులు లేవు. జార్జి టౌన్ సందుల్లో నిటారు మెట్లన్నీ మాకంటే ముందు ఎక్కి, పైనుంచి "ఏమ్మా, ముసలోళ్లయిపోయినారా?" అని ఎగతాళి చేసే మనిషి. పొద్దున కాఫీ తాగి, పేపరు తిరగేసి, కొంచెం అలసటగా ఉందని చెల్లెలితో చెప్పి పడుకుందట. చెల్లెలు టిఫినుకి పిలవడానికి వెళ్లేసరికి అంతా అయిపోయింది.

ఆవిడ మా కాలేజీలో సోషియాలజీ చెప్పేది. కొన్నేళ్లుగా ఆ కోర్సులో చేరేవాళ్లు తగ్గిపోతున్నారు. ఈ ఏడు కూడా పిల్లలు రాకపోతే కోర్సు ఎత్తేస్తామని యాజమాన్యం తేల్చి చెప్పేసింది. పిల్లలకు ఇష్టమున్నా పెద్దవాళ్లు ఒకటే ప్రశ్న అడుగుతారు: ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తుంది? అందుకని మేడమ్ ఒక ఉపాయం చేసింది. ఆ పెద్దవాళ్లనే కాలేజీకి పిలిచి, పాత విద్యార్థులమైన మమ్మల్ని వాళ్ల ముందు నిలబెట్టాలని అనుకుంది. ఎండాకాలమంతా గొడుగేసుకుని ప్లస్ టూ రాసిన పిల్లల ఇళ్ల చుట్టూ తిరిగింది. ఆ మీటింగే శనివారం. ఆవిడ గురువారం పొద్దున చనిపోయింది. ఇదేం అన్యాయమో మీరే చెప్పండి.

ఆ ప్రశ్న మా ఇంట్లోనూ పుట్టిందే. మా నాన్న కోడంబాక్కం సినిమా స్టూడియోల్లో సెట్టు వడ్రంగి. నేను బి.ఏ. చివరి ఏడాదిలో ఉండగా ఎం.ఏ. చేస్తానని పట్టుబట్టాను. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని కాలేజీకి వచ్చి మేడమ్‌ను కలిశాడు. "పిల్ల చదువు అయిపోవచ్చిందండీ, మరి ఉద్యోగం సంగతేవిటి?" అని అడిగాడు. ఆవిడ చిరునవ్వుతో, "ఉద్యోగానికి ఇప్పుడేమీ అవసరం లేదండీ. బిడ్డను చదవనీండి" అంది. నాన్న నమస్కారం పెట్టి లేచి వచ్చేశాడు.

ఇంటికొచ్చాక చూడాలి. "ఉద్యోగం అవసరం లేదంట! విన్నావా?" అని అమ్మ మీద అరిచాడు. "మనమేవన్నా జమీందార్లమా? చదువు చెప్పే మనిషే అలా అంటే ఇంక ఆ చదువు ఎందుకు, తగలెయ్యనా?" ఎవరితోనో చెప్పి, ఫోన్లలో కస్టమర్లకు సమాధానాలు చెప్పే పని కుదిర్చాడు. పరీక్షలు రాసి మానెయ్యమన్నాడు. నేను అన్నం మానేశాను, ఏడ్చాను. నాన్న చెక్కు చెదరలేదు. మేడమ్ మీద నాకూ కోపమే. అలాంటి మాట ఎందుకనాలి?

నేను రెండు మూడు రోజులు కాలేజీకి వెళ్లకపోయేసరికి మేడమ్ లోకల్ ట్రైనెక్కి మా ఇంటికి వచ్చేసింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఏ ఇంటికి వెళ్లినా గడప దగ్గరో, చాప మీదో కూర్చోవడం ఆవిడ అలవాటు. "కుర్చీలో కూర్చుంటే ఇన్‌స్పెక్టరు అనుకుంటారు, నిజం చెప్పరు" అనేది. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ నా సంగతి ఎత్తింది.

"మీరే కదండీ ఉద్యోగం అవసరం లేదన్నది?" అన్నాడు నాన్న.

"ఆమా, నేనే. ఇప్పుడూ అదే చెప్తా ఉండాను. అవసరం లేదు."

"బాగుందండీ! మరి మా పిల్ల ఏం తినాలి? గాలి భోంచెయ్యాలా?"

ఇంకొకరైతే వాదనకు దిగేవాళ్లు. ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "అన్నా, ఒక మాట అడుగుతాను, కోపం వద్దు. అవసరం అంటే మీకు ఏమి?"

"అవసరం అంటే అవసరమే! కావలసిందని. బియ్యం అవసరం, అద్దె అవసరం, ఉద్యోగం అవసరం."

మేడమ్ నెత్తి కొట్టుకుంది. "అయ్యో కడవుళే, దేవుడా! మా ఈడ అవసరం అంటే తొందర అన్నా! అరవంలో అంతే దా. తొందరపడొద్దు, కొంచెం నిదానంగా చూసుకుందాం అని దా నేను చెప్పింది! ఉద్యోగం వద్దని నేనెందుకంటాను? ఉద్యోగం లేకుంటే ఆడపిల్ల బతికేది ఎట్ల?"

అమ్మ వంటింట్లోంచి నవ్వుతూ బయటికి వచ్చింది. నాన్నకి నవ్వొస్తోంది కానీ నవ్వితే ఓడిపోయినట్టు కదా, అందుకని మీసం దువ్వుకుంటూ, "మరి తొందర అనొచ్చు కదండీ" అని గొణిగాడు.

"అనొచ్చు. తెలుగు బిడ్డనే నేను కూడా. అయినా ఏ మాట ముందొస్తే ఆ మాట పడిపోతాది నోట్లో" అని, ఆవిడ వెంటనే నాన్న పని గురించి అడగడం మొదలుపెట్టింది. "మీరు సెట్టు వేస్తారు కదా అన్నా, గుమాస్తా ఇల్లు అంటే గుమాస్తా ఇల్లే అని జనానికి ఎట్ల తెలుస్తాది?"

నాన్నకి ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ వేసి ఉండరు. మొహం వెలిగిపోయింది. గుమాస్తా ఇంట్లో మంచం కింద ట్రంకు పెట్టె తోసి ఉండాలి, దేవుడి పటాల పక్కనే క్యాలెండరు ఉండాలి, అల్లుడొస్తే వేసే కుర్చీ ఒకటి గోడకి ఆనించి ఉండాలి. అదే షావుకారు ఇల్లయితే కుర్చీలు నడి మధ్యలో ఉంటాయి. పనిమనిషి నిలబడే చోటు గుమ్మం అవతల ఉంటుంది, ఆ చోట గోడకి మరక కొట్టాలి. ఇలా చెప్పుకుంటూ పోయాడు. "ఇదంతా మీకెవరు నేర్పించినారు?" అని అడిగింది ఆవిడ. "నేర్పించేదేవిటండీ, ఇళ్లకి వెళ్లినప్పుడు చూస్తాం కదా" అన్నాడు.

"అదే దా అన్నా మా సబ్జెక్టు. ఇళ్లకి పోతాము, చూస్తాము, అడుగుతాము. ఎవరు యాడ కూర్చుంటారు, ఎవరు యాడ నిలబడతారు, ఎందుకు అని. అది తెలిసిన మనిషి ఆస్పత్రిలోనూ కావాల, ఫ్యాక్టరీలోనూ కావాల, గవర్నమెంటులోనూ కావాల. రెండేండ్లు ఇవ్వండి నాకు ఈ బిడ్డను."

నాన్న ఇచ్చాడు. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరైనా తొందరపడితే "అవసరం లేదు, అవసరం లేదు" అని వేళాకోళం చేసుకోవడం పరిపాటి అయింది. మేడమ్ మాత్రం ప్రతి ఏడూ ఫీల్డ్‌వర్కుకి పంపే ముందు ఈ కథ తన మీద తనే చెప్పుకునేది. "ఒక్క మాట అర్థం అడక్కుండా వదిలినానని ఒక బిడ్డ చదువు ఆగిపోయేదానికి ఉండింది. మీరు రాసుకొచ్చే ప్రతి జవాబులోనూ అట్లాంటి మాట ఒకటి ఉంటాది. అడగండి." పుస్తకాల్లోంచి ఆవిడ చెప్పిన సిద్ధాంతాలు చాలామటుకు నేను మర్చిపోయాను. సిగ్గేం లేదు, ఆవిడకీ ఆ సంగతి తెలుసు. ఈ ఒక్కటీ నా వేళ్లలోకి ఎక్కింది.

ఇంకో మాట కూడా అనేది. ఎవరైనా "ఎప్పుడూ ఇంతే కదమ్మా" అంటే అక్కడ ఆగమనేది. "ఇంతే కదా అన్న చోట దా మన పని మొదలు." ఇప్పుడు నేను చేసే ఉద్యోగం సరిగ్గా అదే. కాలువ గట్ల మీది కుటుంబాలను వేరే చోటికి మార్చే ముందు ఇల్లిల్లూ తిరిగి, వాళ్లకు ఏం పోతుందో, ఏం కావాలో తెలుసుకుని రాసే సంస్థలో పనిచేస్తున్నాను. వసంత పెద్దాసుపత్రిలో సోషల్ వర్కరు. మందులిచ్చినా రోగి మళ్లీ ఎందుకు రాలేదో కనుక్కోవడం దాని పని. బస్సు లేకా, భర్త పంపకా, భయమేసా అని. మా బ్యాచ్‌లో వాడు ఒకడు ఫోన్ యాప్‌లు చేసే కంపెనీలో చేరి, పండ్ల బండి వాళ్ల పక్కన నిలబడి వాళ్లు ఫోను ఎలా నొక్కుతారో చూసి జీతం తీసుకుంటున్నాడు. ఇంకొకడు పత్రికలో చేరాడు. ఒకమ్మాయి ఏ ఉద్యోగమూ చేయకుండా తన అపార్టుమెంటు సంఘానికి సెక్రటరీ అయింది. పనివాళ్లను కూడా లిఫ్టు ఎక్కనివ్వాలని పోట్లాడి గెలిచింది. మా అందరిలో మేడమ్ ఎక్కువ గొప్పగా చెప్పుకునేది ఆ అమ్మాయి గురించే. మాకు కొంచెం కుళ్లుగా కూడా ఉండేది.

గురువారం మధ్యాహ్నం జార్జి టౌన్‌లో వాళ్ల సందు మొదట్లోనే ఆటో ఆగిపోయింది. సరుకు బళ్లు అడ్డంగా ఉన్నాయి. నడిచి వెళ్లాను. ఆ నడకంతా, ఇల్లు చేరేసరికి ఎవరో తప్పు చెప్పారని తేలుతుందనే అనుకున్నాను. లోపల హాల్లో ఆవిడ పడుకుని ఉంది. ఎప్పుడూ జారిపోతుండే కళ్లజోడు లేదు. కళ్లజోడు లేకుండా ఆవిడను నేను చూడటం అదే మొదటిసారి. అందుకని కాసేపు ఇంకెవరో అనిపించింది. వసంత నా చెయ్యి పట్టుకుని, "నాకు భయంగా ఉండాది, పట్టుకో" అంది.

దూరపు బంధువులు ఇద్దరు గోడవార కూర్చుని మాట్లాడుకుంటున్నారు. "ఏం చెప్పేదమ్మా కాలేజీలో?" అని ఒకావిడ అడిగింది. "ఏదో సోషల్ అంట" అంది ఇంకొకావిడ. ఒళ్లు మండిపోయింది నాకు. అది ఏదో సోషల్ కాదు అని అరవాలనిపించింది. మేడమ్ లేచి కూర్చుని ఉంటే వాళ్ల పక్కన చేరి, "సోషల్ అంటే మీరేమనుకుంటా ఉండారు పెద్దమ్మా?" అని అడిగి ఉండేది. నాకంత ఓపిక రాలేదింకా.

ప్రిన్సిపాల్ కూడా వచ్చారు. దండ వేసి, మమ్మల్ని పక్కకు పిలిచి, శనివారం మీటింగు వద్దులే, వచ్చేవాళ్లకు ఫోన్ చేసి చెప్పేయండి అన్నారు. ఎవరెవరు వస్తారో కాలేజీలో ఎవరికీ తెలియదు. ఇళ్లకు వెళ్లింది ఆవిడ ఒక్కతే, నంబర్లన్నీ ఆవిడ ఫోన్లోనే ఉన్నాయి. చెల్లెలు ఆ ఫోను ఒళ్లో పెట్టుకుని తల దగ్గర కూర్చుంది. "అది అక్క మొగం చూపిస్తే దా తెరుచుకుంటాది" అంది. ఆ మాటతో అందరం తలలు దించుకున్నాం. ఎవరూ మళ్లీ ఆ ఫోను సంగతి ఎత్తలేదు.

అంటే ఎంతమంది వస్తారో తెలియదు, వచ్చేవాళ్లకు ఆవిడ లేదనీ తెలియదు. అందుకని శనివారం పొద్దున్నే నేనూ వసంతా కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాం. ఇస్త్రీ చీర కట్టుకున్నాను. నాన్న కూడా వస్తానన్నాడు. మీటింగు లేకపోయినా వచ్చినవాళ్లు దణ్ణం పెట్టుకుని వెళ్తారని హాలు తీయించి, బల్ల మీద ఆవిడ ఫోటో పెట్టి దీపం వెలిగించాడు. వార్త వినగానే అందరూ గేటు నుంచే తిరిగి వెళ్లిపోతారు, కోర్సు కూడా ఆవిడతోనే పోతుంది, అదీ నా భయం.

ముందు వచ్చింది పెరంబూరు నుంచి ఒక తల్లీ కూతురూ. "మేడమ్ ఏడమ్మా?" అని అడిగింది ఆ తల్లి. చెప్పాను. ఆవిడ అక్కడే మెట్టు మీద కూలబడింది. "మొన్న ఆదివారం మా ఇంట్లో కూర్చోని మాట్లాడింది కదమ్మా! మీ ఇంట్లో అందరికన్నా చివర ఎవరు తింటారు అని అడిగింది. నన్ను ఎవరూ అట్ల అడిగింది లేదు" అని బావురుమంది. కళ్లు తుడుచుకుని లేచి, గేటు వైపు కాదు, హాలు వైపు నడిచింది. ఫోటో చూసి గుమ్మం బయటే చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. విడవమని ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఇంకొకరు, తర్వాత ఇద్దరు. నేను ప్రతి ఒక్కరికీ చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ ఆవిడ మళ్లీ పోతోంది. "ఆ?" అని నోరు తెరిచి అలాగే ఉండిపోయే మొహాలు చూడలేక, నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అని నేనూ వసంతా వంతులు వేసుకున్నాం. ఒకాయన, లారీ ఆఫీసులో పనిచేస్తాడట, నిలదీసినట్టే అడిగాడు: "ఆమె లేదంటే ఇంక ఎవరిని నమ్మి చేర్చేది? ఉద్యోగం వస్తాదని ఎవరు చెప్తారు?" నాన్న కుర్చీలు మోస్తున్నవాడల్లా వచ్చి, "లోపలికి రండి. మా అమ్మాయి ఏం చేస్తుందో దాన్నే అడగండి. నేనూ మీలాగే ఎగిరి, ఇప్పుడు ఇక్కడ కుర్చీలేస్తున్నాను" అన్నాడు. ఆయన ఒక్క క్షణం తటపటాయించి చెప్పులు విడిచాడు.

హాలు నిండిపోయింది. పక్క గదిలోంచి బెంచీలు తెచ్చాం. యాజమాన్యం తరఫు మనిషి ఒకాయన గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి వెళ్లిపోయాడు. లోపల ఉపన్యాసాలేమీ లేవు. ముక్కూ మొహం తెలియని వాళ్లు ఒకళ్లకొకళ్లు మేడమ్ తమను ఏం అడిగిందో చెప్పుకుంటున్నారు. "మాట ఇచ్చినాము కదా, చేరుస్తాము" అని ఎవరో అనడం నాకు గేటు దాకా వినబడింది.

నేనూ ఇంక లోపలికి వెళ్దామనుకుంటుండగా బస్సు దిగి ఒక తల్లీ కూతురూ పరుగెత్తుకుంటూ వచ్చారు. తల్లికి ఆయాసం. కూతురు కొత్త చుడీదార్ వేసుకుంది, తలలో మల్లెపూలు.

"ఆలస్యమైపోయిందమ్మా, బస్సు దొరకలేదు. మేడమ్ కోప్పడతారా?" అంది తల్లి నవ్వుతూ.

పొద్దున్నుంచీ అంతమందికి చెప్పిన నోరు అప్పుడు పెగల్లేదు. "కోప్పడరమ్మా, రండి" అన్నాను.

ఆ పిల్ల ముందు పరుగెత్తింది. గుమ్మం దగ్గర చెప్పులు చూసి, అక్కడ అలా విడవాలి కాబోలు అనుకుని, తనవీ విడిచి లోపలికి వెళ్లిపోయింది. తల్లి మాత్రం ఆ చెప్పుల ముందు ఆగింది. కాలేజీలో ఇన్ని చెప్పులు బయట ఎందుకున్నాయా అన్నట్టు చూసి, మెల్లగా వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది.